పొరుగువారు కావలెను

ఆ దేశం పేరు చెప్పను. నా పాస్‌పోర్టు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. రేపు ఏ కౌంటర్లోనో ఎవరో ఈ కథ తీసి ముందు పెట్టి, ఇది తమరు రాసిందేనా అని మర్యాదగా అడుగుతారు. అక్కడ ఏదైనా మర్యాదగానే అడుగుతారు. మర్యాదగా అడిగి, మర్యాదగా విని, మర్యాదగా విమానం ఎక్కిస్తారు.

దేశం మంచిదే. రోడ్లు నున్నగా ఉంటాయి, కుళాయి నీళ్ళు పట్టుకుని అలాగే తాగొచ్చు, పెట్రోలు బంకులో కూడా ఎవరూ తోసుకోరు. లేనిదల్లా మనుషులే. అందుకని ఏ పనివాళ్ళకు కొరత ఉందో ప్రభుత్వంవారు ఏటా ఒక జాబితా విడుదల చేస్తారు. బయటినుంచి వచ్చిన విద్యార్థి అందులో ఉన్న పని చదువుకుని, ఆ పని చేసి చూపిస్తే శాశ్వతంగా ఉండనిస్తారు. దాన్నే మనవాళ్ళు పీఆర్ అంటారు. జాబితా ఏడాదికోసారి మారుతుంది, చదువు రెండేళ్ళు పడుతుంది. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి ఇంతవరకూ అక్కడ పుట్టలేదు.

నేను తెనాలిలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి వెళ్ళాను. నేను దిగేసరికి వంటవాళ్ళ కొరత. సరేనని వంట నేర్చుకున్నాను. పట్టా చేతికొచ్చేసరికి వంటవాళ్ళు ఎక్కువైపోయి, జుట్టు కత్తిరించేవాళ్ళకు కొరత వచ్చింది. అదీ నేర్చుకున్నాను. ఆ తర్వాత తేనెటీగల పెంపకం. ఈరోజు ఎవరైనా మా ఇంటికొస్తే భోజనం వండిపెట్టి, జుట్టు సరిచేసి, తేనె సీసా చేతికిచ్చి పంపగలను. నన్ను ఉండమనేవాళ్ళు మాత్రం లేరు.

ఇలా ఉండగా ఒక ఏడాది జాబితాలో అన్నిటికన్నా పైన "పొరుగువారు" అని కనిపించింది.

దానికి కారణం ఒక ముసలాయన. టీవీ ముందు కుర్చీలో కూర్చుని అలాగే కన్నుమూశాడు. శీతాకాలమంతా టీవీ నడుస్తూనే ఉంది. మంచు కరిగాక మీటరు చూడటానికి వచ్చినవాడు కనుక్కున్నాడు. దేశం సిగ్గుపడింది. సిగ్గుపడిన దేశం కమిషన్ వేసింది. కమిషన్‌వారు చాలా ఊళ్ళు తిరిగి, చాలా టీలు తాగి, నివేదిక ఇచ్చారు. "దేశమునందు పొరుగుతనమను నైపుణ్యము తీవ్రముగా క్షీణించినట్లును, స్వదేశీ వనరులతో ఈ లోటును పూడ్చుట సాధ్యము కానట్లును నిర్ధారణ అయినది. తగిన శిక్షణ పొందిన పొరుగువారిని విదేశములనుండి రప్పించుట మినహా గత్యంతరము లేదు." కమిషన్‌లో ఒక కుర్ర సభ్యుడు, ఉన్నవాళ్ళే తలుపు తీసి పక్కవాళ్ళను పలకరిస్తే సరిపోతుంది కదా అన్నాడట. అది కమిషన్ పరిధిలోకి రాని అంశమని అతనికి మర్యాదగా చెప్పారు.

మన అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు రాత్రికి రాత్రి మారిపోయాయి. పొరుగు స్పెషల్ బ్యాచ్. మాక్ డోర్ ప్రాక్టీస్. తలుపు కొట్టడం నుంచి తాంబూలం దాకా పూర్తి శిక్షణ. అపార్టుమెంట్లో పదేళ్ళుండి ఎదురు ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియని కుర్రాళ్ళంతా పొరుగుతనంలో మాస్టర్స్ చేయడానికి బయల్దేరారు. లిఫ్టులో పక్కనున్న మనిషిని చూడటం ఇష్టంలేక ఫోన్లో తలదూర్చే పిల్లలు కూడా, "చిన్నప్పటినుంచీ నాకు ఇరుగుపొరుగంటే ప్రాణం" అని వీసాకు వ్యాసాలు రాశారు.

అలా వచ్చినవాళ్ళలో సత్యవేణి ఒకతె. మండపేట పిల్ల. అక్కడ ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. కాలేజీ మూతపడింది. ఉన్న అన్నావదినల ఇంట్లో ఆమె పడుకునే గదిని, ఆమె విమానం ఎక్కిన వారంలోనే ట్యూషన్ సెంటరుకు ఇచ్చేశారు. కాబట్టి పీఆర్ రాకపోతే సత్యవేణి తిరిగి వెళ్ళడానికి దేశం ఉంది గానీ గది లేదు. మా అద్దె ఇంట్లో పైగది ఖాళీ ఉంటే అందులో దిగింది. మొదటిరోజే నన్ను అన్నయ్యా అంది, ఇంట్లో ఉన్న మిగతావాళ్ళను కూడా వరసలు పెట్టి పిలిచింది, సాయంత్రానికల్లా అందరికీ పప్పుచారు పెట్టింది.

"పక్కింట్లో ఉండటానికి రెండేళ్ళు చదవాలేంటండి బాబూ" అని నవ్వింది. అప్పటికి నవ్వింది.

కాలేజీలో చెక్కతో చేసిన నమూనా తలుపులు వరసగా నిలబెట్టి ఉండేవి. మొదటి సెమిస్టరంతా కంచెల చరిత్ర. రెండో సెమిస్టర్లో గంట కొట్టడం, గంట కొట్టాక ఎంత వెనక్కి జరిగి నిలబడాలి, వాతావరణం గురించి ఎంతసేపు మాట్లాడాలి. పాఠం చెప్పే ప్రొఫెసరుగారు ఊరికి దూరంగా కొండమీద ఒంటరి ఇంట్లో ఉంటారు. చుట్టుపక్కల ఎవరూ లేకపోవడం వల్లే తనకు ఈ విషయంలో నిష్పాక్షికమైన దృష్టి అబ్బిందని ఆయనే చెప్పుకునేవారు.

ప్రాక్టికల్ పరీక్షలో అంశం పంచదార అరువు అడగడం. సత్యవేణి నమూనా తలుపు చుట్టూ తిరిగి వెనకవైపునుంచి వెళ్ళింది. పెరటివైపు తలుపు తీసే ఉంటుంది కదా అని ఆమె ఉద్దేశం. లోపల గృహిణి వేషంలో కూర్చున్న ఎగ్జామినర్‌ను చూసి, ఏం కూర వండారు అని అడిగింది. చిక్కిపోయారేంటి అని కూడా అంది. పంచదార సంగతి మర్చిపోయింది. ఆమె జవాబు పత్రం మీద "వ్యక్తిగత ఆవరణపై దాడి" అని రాశారు. రెండోసారి పరీక్ష కట్టి, తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఈరోజు మబ్బుగా ఉంది అని చెప్పి, పంచదార లేదంటే థాంక్యూ చెప్పి వెనక్కి తిరిగింది. ఫస్టు క్లాసు వచ్చింది.

చదువయ్యాక ఏడాది అనుభవం చూపించాలి. ఆమెకు కేటాయించిన క్లయింటు మా పక్కింటి డోరతీగారే. ఒంటరి మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఎవరిమీదా నమ్మకం లేదు. ఏళ్ళ తరబడి ఆవిడ మమ్మల్ని కిటికీ తెరసందులోంచి తప్ప చూడలేదు. ఒప్పందం ప్రకారం మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు పొరుగుతనం. మిగతా రోజుల్లో సత్యవేణి ఆ ఇంటికి ఏమీ కాదు. విద్యార్థి వీసామీద ఉన్నవాళ్ళు వారానికి ఇన్ని గంటలే పని చేయాలి, పొరుగుతనం పని కనుక దానికీ అదే లెక్క.

సత్యవేణి ఈ లెక్కను మొదటివారం పాటించింది. రెండోవారం ఒక ఆదివారం, ఆ ఇంట్లో పొద్దున్నుంచీ దీపం వెలుగుతూనే ఉందని, పెరటివైపునుంచి వెళ్ళి చూసింది. డోరతీగారు జ్వరంతో పడుకుని ఉన్నారు. సత్యవేణి మిరియాల చారు కాచి పట్టుకెళ్ళింది. ఆవిడ ముఖం చిట్లించి, వాసన చూసి, మొత్తం తాగారు. ఇక అక్కడినుంచి వారంలో రోజుల పేర్లు పోయాయి. సత్యవేణి ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేది. మాట్లాడేది ఇంగ్లీషే గానీ అందులో కూడా అండి వినిపించేది. మాత్రలు వేసుకోకపోతే కేకలేసేది. తలకు నూనె పట్టించి జడ అల్లేది. వీధివాళ్ళెవరూ వినని డోరతీగారి నవ్వు మా వంటింట్లోకి వినిపించడం మొదలైంది. నాకు ఆ నవ్వు చాలా ఇష్టంగా ఉండేది.

ఈలోగా ప్రభుత్వంవారు పొరుగుతనాన్ని లైసెన్సు వృత్తిగా ప్రకటించారు. శిక్షణ లేనివాళ్ళు పొరుగుతనం చేస్తే ప్రజల భద్రతకు ముప్పు అన్నారు. మా ఎదురింటి హెరాల్డ్ అనే ఆయన ఒకరోజు తన గుమ్మం ముందు మంచు తోస్తూ, ఊపులో పక్కవాళ్ళ గుమ్మం ముందు కూడా తోసేశాడు. అనధికార పొరుగుతనం కింద జరిమానా పడింది. మర్నాటినుంచి హెరాల్డ్ తన గుమ్మం అంచు ఎక్కడో సుద్దముక్కతో గీసుకుని మరీ తోసేవాడు. వీధిలో ఎవరైనా పొరపాటున గుడ్ మార్నింగ్ అంటే అవతలివాడు అటూ ఇటూ చూసేవాడు. అప్పటిదాకా మిగిలిన కాస్త పలకరింపు కూడా పోయాక కమిషన్‌వారు మళ్ళీ లెక్కలు తీసి, పొరుగువారి కొరత రెట్టింపైందని, కాబట్టి తమ ముందుచూపు రుజువైందని ప్రకటించుకున్నారు.

ఏడాది పూర్తయ్యింది. సత్యవేణి పీఆర్‌కు దరఖాస్తు పెట్టింది. తనిఖీకి పెంబర్టన్ అనే అధికారి వచ్చాడు. పల్చటి మనిషి, పల్చటి గొంతు, బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని లోపలికి వస్తాడు. అతను డోరతీగారి ఇంట్లో అడుగు పెట్టేసరికి, సత్యవేణి ఆవిడ ముందు చెంచా పట్టుకుని నిలబడి, ఈ రెండు ముద్దలూ తినకపోతే నేను ఇక్కణ్ణించి కదలను అని గదుముతోంది. డోరతీగారు చిన్నపిల్లలా తల అటు తిప్పుకుని కూర్చున్నారు. గోడమీద ఫోటో ఉంది. ఉగాదికి మా ఇంట్లో తీసింది. డోరతీగారు సత్యవేణి చీరే కట్టుకుని, పచ్చడి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

పెంబర్టన్ ఆ ఫోటోను ఒకసారి చూశాడు. థాంక్యూ చెప్పి, సంచులు విప్పుకుని వెళ్ళాడు. పదిరోజుల్లో నోటీసు వచ్చింది.

"అభ్యర్థిని తన క్లయింటును మందలించుచుండగా తనిఖీ అధికారి ప్రత్యక్షముగా వీక్షించియున్నారు. పొరుగువారు మందలించరు. మందలించుట, బలవంతముగా తినిపించుట, ముందస్తు అనుమతి లేకుండ పెరటి ద్వారమున ప్రవేశించుట, కేశాలంకరణ గావించుట మొదలగునవి బంధుత్వ లక్షణములు. బంధువుల వద్ద గడించిన అనుభవము వృత్తి అనుభవముగా పరిగణింపబడదు. సదరు క్లయింటు తమకు ఏమియు కారని విచారణ సంఘము ఎదుట నిరూపించుకొనవలెను. అట్లు నిరూపించుకొనలేనిచో స్వదేశమునకు మరలిపోవలెను."

సత్యవేణి దాన్ని రెండుసార్లు చదివింది. "బంధువులైతే మంచిదే కదండీ" అంది. మనకైతే మంచిదే. పీఆర్ కోసం మేనమామ కొడుకు తోడల్లుణ్ణి కూడా సొంత అన్నగా చూపించిన మహానుభావులు నాకు తెలుసు. లేని బంధుత్వం ఉందని చెప్పడంలో మనకు అనుభవం ఉంది. ఉన్నదాన్ని లేదని చెప్పమంటే ఎలా చెప్పాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

తెలిసింది డోరతీగారికే. నోటీసు ఆవిడే చేతిలోకి తీసుకుని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మేం ఈ దేశంలో పుట్టినవాళ్ళం, ఈ పని మాకు చిన్నప్పటినుంచీ నేర్పుతారు అన్నారు. ఆ వారమంతా ఇద్దరూ సాధన చేశారు. సత్యవేణి ముఖం బిగించుకుని, మీకూ నాకూ ఏమీ లేదండి అనేది. ఆ అండి తీసెయ్యి, అందులోనే దొరికిపోతావు అని డోరతీగారు సరిదిద్దేవారు. మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చి ఆపేసేవారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను మూడుసార్లు తిరస్కారం తిన్న మనిషిని, ఆ నోటీసుల భాషలో హాస్యం ఉండదని నాకు బాగా తెలుసు.

విచారణ ఒక బుధవారం పెట్టారు. వాళ్ళిద్దర్నీ నా కార్లోనే తీసుకెళ్ళాను. లోపల పొడుగు బల్ల, బల్లవెనక ముగ్గురు, నడుమ పెంబర్టన్. ముందుగా డోరతీగారిని లేపి, అభ్యర్థిని మీకు ఏమవుతుందని అడిగారు.

"ఏమీ కాదు" అన్నారు డోరతీగారు. "మంగళవారం వస్తుంది, గురువారం వస్తుంది. తన పని చూసుకుని పోతుంది. ఆ పేరు నాకు సరిగా నోరు కూడా తిరగదు. ఈమె పోయి రేపు ఇంకొకరు వచ్చినా నాకు తేడా తెలియదు."

ఇంట్లో సాధన చేసినప్పుడు ఇందులో సగం మాటలు లేవు. ఆవిడ గొంతులో ఎక్కడా వణుకు లేదు, ఎండిన కట్టెలా ఉంది. ఆ క్షణంలో నాకు కూడా అదే నిజమేమో అనిపించింది. సత్యవేణి ఆవిడ వైపు చూడలేదు, బల్లమీద నీళ్ళ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది. సంఘంలో ఒక సభ్యురాలు మెచ్చుకోలుగా తల ఊపింది.

పెంబర్టన్ ఇప్పుడు సత్యవేణి వైపు తిరిగాడు. "సోమవారము రాత్రివేళ క్లయింటు తన నివాసమున క్రిందపడిన శబ్దము తమకు వినవచ్చినదనుకొనుడు. అట్టి పరిస్థితిలో తాము గైకొను చర్య యేమి?"

సత్యవేణి లేచి నిలబడింది. జవాబు వచ్చు. రాత్రంతా నాకు అప్పజెప్పింది.

"మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగుతాను" అంది. అండి అనలేదు.

ముగ్గురూ రాసుకున్నారు. జవాబులు నిబంధనలకు అనుగుణంగానే ఉన్నాయని, కాకపోతే జవాబులు నేర్చుకున్నవి అయ్యే అవకాశం కూడా తోసిపుచ్చలేనిదని, కాబట్టి సంఘానికి పూర్తి సంతృప్తి కలగలేదని, నిర్ణయం వాయిదా వేస్తున్నామని పెంబర్టన్ చెప్పాడు. అప్పటికే లంచ్ టైమైంది. మేం లేచాం, వాళ్ళూ లేచారు.

ఆఫీసు మెట్లు పొడుగ్గా, నున్నగా ఉంటాయి. ఆ ఉదయం వాటిమీద సన్నటి మంచు పేరుకుంది. మెట్లు ఊడవడం మునిసిపాలిటీ పనా, ఇమ్మిగ్రేషన్ శాఖ పనా అన్నది ఇంకా తేలలేదట. డోరతీగారు ముందు దిగుతున్నారు, ఒంటరిగా, కావాలనే కాస్త దూరంగా. అప్పుడే లోపల ఏమీ కాదని చెప్పివచ్చిన మనిషి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎలా దిగుతారు? సత్యవేణి నాలుగు మెట్లు వెనక, ఆమె పక్కన నేను. పైన గాజు తలుపు దగ్గర పెంబర్టనూ మిగతా ఇద్దరూ కోట్ల గుండీలు పెట్టుకుంటున్నారు.

మధ్యలోకి వచ్చేసరికి డోరతీగారి కాలు జారింది. కూర్చున్నట్టుగా పడి, రెండు మెట్లు కిందికి జారి, పక్కకు ఒరిగారు. చేతిసంచీ కింద దాకా దొర్లింది. కింద గార్డు ఉన్నాడు. అతను లైసెన్సు లేనివాడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. దారినపోయే ఇద్దరు ఆగి, జాలిగా చూసి, ముందు ఎవరో ఒకరు ఎవరికైనా ఫోన్ చేస్తారని నిలబడ్డారు.

సత్యవేణి ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేయబోయి, తల తిప్పి పైకి గాజు తలుపు వైపు చూసింది. పెంబర్టన్ గుండీ పెట్టుకోవడం ఆపి ఆమెనే చూస్తున్నాడు. తర్వాత సత్యవేణి మామ్మగారూ అని అరుచుకుంటూ పరుగెత్తి, మంచులో మోకాళ్ళమీద కూలబడి, ఆవిణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. నేను సంచీ తీసుకొచ్చాను. మణికట్టు బెణికింది, అంతకన్నా ఏమీ కాలేదు. కార్లో సత్యవేణి దారంతా ఏడ్చింది. పోయింది అన్నయ్యా, అంతా పోయింది అంటూనే ఆవిడ చెయ్యి వదలలేదు. డోరతీగారు, నేను చూసుకుని దిగాల్సింది, నాదే తప్పు అని అంటూనే ఉన్నారు.

పోలేదు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది.

"సంఘమునకు గల సందేహము కార్యాలయపు మెట్లపై సంపూర్ణముగా నివృత్తియైనది. క్లయింటు పతనమైన సమయమున అభ్యర్థిని తక్షణము స్పందింపక, ఆగి, అధికారులవైపు చూసి, తదుపరి మాత్రమే ముందుకు సాగియున్నారు. బంధువులు ఆగరు. కావున సదరు క్లయింటు అభ్యర్థినికి ఏమియు కారని నిస్సందేహముగా తేలినది. అభ్యర్థిని ఈ దేశ జీవన విధానమును సంతృప్తికరముగా అలవరచుకొన్నారు. శాశ్వత నివాస హక్కు మంజూరు చేయడమైనది. హృదయపూర్వక శుభాకాంక్షలు."

మా ఇంట్లో కేకలు, కౌగిలింతలు. నేను పాయసం వండాను, అందులో నా తేనె వేశాను. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి. అమీర్‌పేటనుంచి కన్సల్టెన్సీ ఆయన లైన్లోకి వచ్చి, మేడంగారు ఏ కాలు ముందు వేసి ఆగారు, తల కుడివైపు తిప్పారా ఎడమవైపా, ఎంతసేపు ఆగారు, కాస్త వివరంగా చెబితే కొత్త బ్యాచ్‌కి పెట్టుకుంటామన్నాడు. వాళ్ళ దగ్గర అప్పటికే సిమెంటు మెట్లు కట్టిస్తున్నారట. నేను నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. మెట్ల ఎత్తు ఎంతో చెప్పమని అతను మెసేజ్ పెట్టాడు.

అందరూ తిని ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళాక సత్యవేణి ఉత్తరాన్ని వంటింటి బల్లమీద పరుచుకుని కూర్చుంది. ఆమె ముందు పాయసం చల్లారిపోయింది.

"అన్నయ్యా, నువ్వు పక్కనే ఉన్నావు కదా. నేను ఆగానా?"

ఆగింది. నేను చూశాను. రెప్పపాటే, ఇంకా తక్కువేనేమో. ఆమె బతుకంతా ఆ తలుపు వెనక ఉన్నప్పుడు ఎవరైనా అంతమాత్రం ఆగుతారు, నేనైతే ఇంకా నిలబడే ఉండేవాణ్ణి. ఇదంతా చెప్పాలనుకున్నాను. చెప్పలేక, "లేదమ్మా, మంచుమీద జారతావని చూసుకుని అడుగేశావు, అంతే" అన్నాను.

సత్యవేణి నా ముఖంలోకి చూసింది. తర్వాత ఉత్తరం అడుగున ఉన్న ప్రభుత్వ ముద్రను వేలితో తడిమింది.

"వాళ్ళు ముగ్గురు చూశారు కదా" అంది.